ఒక్క బంతికి ఇద్దరం

మా మరిది దుబాయిల గోల్ఫు ఆడే మైదానంల గడ్డి కోసేటోడు. తొంబైలల్ల ఒక ఎండకాలం సెలవు మీద ఇంటికొచ్చిండు. మాది మంథని అవుతల పల్లె. దుప్పట్లు, అత్తరు సీసాలు అందరు తెచ్చేటియే. మా మరిది వాటితోని ఒక తెల్ల బంతి గూడ తెచ్చిండు. ఒంటినిండ గుంతలే, అమ్మవారు పోసిన మొహం లెక్క.

వచ్చిండన్నమాటే గని మొహంల సంబురం లేదు. ఎందుకంటే ఆయన పెండ్లాం, అంటే మా యారాలు, నేను మాట్లాడుకుంటలేము. దాని తల్లిగారిచ్చిన బర్రె పాలు బందుపెడితే, "ఎవరి కండ్లో తగిలినయ్" అని నా దిక్కు చూసుకుంట అన్నది. గంతే. అప్పటిసంది ఒక్క ఇంట్ల రెండు పొయ్యిలైనయ్. అంతకుముందు ఒక్క రోట్ల ఇద్దరం జోడు పోట్లు వేసేటోళ్లం. ఒకరి రోకలి లేస్తే ఇంకొకరిది దిగాలె, పోటు తప్పితే చేతులు పోతయ్. అది గూడ బందైంది. "ఇగ వేరు పడుడే" అన్నది అత్త.

"ఇల్లు రెండు ముక్కలైతుంటే నేను విమానం ఎట్ల ఎక్కాలె వదినె?" అన్నడు మరిది.

ఒకనాడు పొద్దు వాలినంక అందర్ని వరి కోసిన మడికి తోల్కపోయిండు. గడ్డపారతోని గుంత తవ్వి, పక్కన జొన్నసొప్ప నాటి ఎర్ర పేలిక కట్టిండు. వంకర తుమ్మకట్టెలు చేతికిచ్చిండు.

"దేశాలోళ్లు జట్లు కట్టి ఆడుతుంటె ఆడ టీవీల చూసిన. ఎవరికి ఎవరిని జోడి కట్టాల్నో జట్టు పెద్ద చెప్తడు. జోడికి ఒక్కటే బంతి. ఒకరు కొట్టినంక అది యాడ పడితే ఆడికెల్లి రెండోళ్లు కొట్టాలె. నేను, అవ్వ ఒక జోడి. మీరిద్దరు ఒక జోడి. ఉన్నది ఒక్కటే బంతి, ముందుగాల మేము ఆడినంక మీరు, తక్కువ దెబ్బలల్ల గుంతల పడేసినోళ్లు గెలిచినట్టు."

"నా మోకాళ్లకు గీ ఆటేందిరా" అనుకుంటనే అత్త కొంగు నడుముకు చెక్కింది. "ఓడినోళ్లు వారం పెండ తియ్యాలె!"

మా యారాలు బలమున్న మనిషి. ఒక్క దెబ్బకు బంతి పోయి రేగుకంపల పడ్డది. ఇగ కొట్టాల్సింది నేను. చెయ్యి గీరుకపోయింది. తిడదామంటే మాటలు బందాయె, తిట్టు గూడ మింగిన. నేను కొడితే పోయి కాల్వ బురదల పడ్డది. యారాలు తన వంతుకు బురదల దిగి జారి కూలబడ్డది.

"మీ జోడి సల్లగుండ! పెండ తట్ట మీదే!" అని అత్త నవ్వుడే నవ్వుడు.

ఆ నవ్వుకు యారాలుకు రోషమొచ్చింది. లేచి నా దిక్కు చూసింది. "అక్కా, దూరం నేను కొడత. గుంత కాడ నా చెయ్యి ఆగది. ఆడ నువ్వు చూసుకో."

"కొట్టు చెల్లె. గని కంపల దిక్కు వద్దు. నా చెయ్యి చూడు."

"అయ్యో, నెత్తురొచ్చిందా!" అని కొంగుతోని అద్దింది.

ఈసారి బంతి సొప్ప కాడికొచ్చి ఆగింది. నేను జర మెల్లగ నెట్టిన. వరి కొయ్యకు తాకి పక్కకు పోయింది. అత్త గెలిచింది.

వారమంత ఒక్క తట్టకు ఇద్దరం చెయ్యేసి పెండ తీసినం. మాట్లాడకుంట తట్ట ఎట్ల లేస్తది?

మరిది పోయేముందు ఆయనకు కారం దంచుదామని నేను రోకలి ఎత్తిన. పిలువకముందే యారాలు రెండోది పట్టుకొచ్చింది. ఆ చప్పుడుకు మరిది సామాను సదురుడు ఆపి తొంగిచూసిండు. "అవ్వా, ఇగ నేను పోయొస్త" అన్నడు నవ్వుకుంట.

"పోయిరా బిడ్డా" అన్నది అత్త. బంతిని మాత్రం ఆయనకియ్యలే. చీరెల సందుగల పెట్టి తాళమేసింది. "ఉండనీ. మల్ల అవసరం పడుతదేమో."