నారాయణి ఎంచుకున్న ఫ్లాష్

2006లో పుత్తూరు చుట్టుపక్కల ఆడవాళ్ళ వేడుకలకు ఫోటోలు తీసే ఆడమనిషి నారాయణి ఒక్కతే. గుడిలో మాలలు కట్టే కృష్ణస్వామి కూతురు. ఎనిమిదేళ్ళు శ్రీనివాసులు స్టూడియోలో నెగటివులు దిద్దింది. తర్వాత ఒక డిజిటల్ కెమెరా కొనుక్కుని సొంతంగా మొదలుపెట్టింది. సీమంతాలకు, నలుగులకు, మగవాళ్ళు అడుగుపెట్టని గదుల్లోకి ఆమెను పేరుపెట్టి పిలిచేవారు.

ఆ ఏడాది మాఘంలో కార్వేటినగరంలో పల్లవి అనే అమ్మాయి నలుగుకు వెళ్ళింది. కిటికీ లేని గది. కెమెరాకు ఉన్న బుల్లి ఫ్లాషే దిక్కు. వారం తర్వాత ప్రింట్లు ఇస్తే పల్లవి ముఖం వాడిపోయింది.

"ఇది నేనేనా అక్కా? మొగానికి సున్నం కొట్టినట్టుండాది."

నారాయణి ప్రింటును చేతిలోకి తీసుకుని చూసింది. ఎదురుగా కొట్టిన వెలుగుకు ఆ పిల్ల చామనఛాయ కాస్తా ఎగిరిపోయింది. వెనక గోడమీద బొగ్గుతో గీసినట్టు నీడ. వేరే ఫ్లాష్ కొనాలని తిరుగు బస్సులోనే నిశ్చయించుకుంది. శ్రీనివాసులు తన పాత రీలు కెమెరా ఫ్లాష్ ఇస్తానన్నాడు కానీ, అలాంటివి తగిలిస్తే కొత్త కెమెరాలు కాలిపోతాయని విని ఉండటంతో వద్దంది.

తిరుపతిలో ఆమె వెళ్ళిన కొట్టు బాలసుబ్రమణ్యంది. ఆయన కొట్లోకెల్లా పెద్ద ఫ్లాష్ తీసి బల్లమీద పెట్టాడు.

"పెండ్లి ఫోటోలోళ్ళంతా దీన్నే తీసకపోతారమ్మా. మండపం ఈ కొసన నిలబడి కొడితే ఆ కొసకు పోతాది."

"నేను తీసేది ఇండ్లల్లో అన్నా. దీని తల తిరగతాదా?"

"తిరగదు. యాల తిరగల్ల?"

"వెలుగు మొగానికి నేరుగా తగలకూడదు. పైన కప్పుకు తగిలి కిందికి దిగల్ల."

ఆయన లోపలికెళ్ళి ఇంకోటి తెచ్చాడు. చిన్నది. తల పైకీ తిరుగుతుంది, పక్కకీ తిరుగుతుంది. "బలం మాత్రం తక్కువమ్మా," అని ముందే చెప్పేశాడు.

కొట్టు ఊడ్చే వరదమ్మను నిలబెట్టి నారాయణి రెండింటితోనూ ఒక్కో ఫోటో తీసింది. పెద్దదానితో తీసిన ఫోటోలో నుదురు నూనె రాసినట్టు మెరిసింది. చిన్నదాని తల పైకి తిప్పి తీసినదాంట్లో వరదమ్మ నల్లటి బుగ్గ, దానిమీద మడత, ముక్కుపుడక దేనికది కనిపించాయి. బాలసుబ్రమణ్యం కెమెరా మీదికి వంగాడు.

"మొగం మొగం మాదిరే ఉండాదే!"

"నాకిదే కావల్ల," అంది నారాయణి.

దాన్ని మొదట వాడింది పుత్తూరులో వరలక్ష్మమ్మ మనవరాలి సీమంతానికి. ఫ్లాష్ తలను కప్పువైపు తిప్పి ఒక ఫోటో తీసింది. బయట వసారాలో మగవాళ్ళ ఫోటోలు తీస్తున్న శ్రీనివాసులు గుమ్మంలోంచి తొంగిచూశాడు.

"ఏమ్మా, మిద్దెకు ఫోటో తీస్తా ఉండావా?"

గదిలో అందరూ నవ్వారు. నారాయణి కెమెరా వెనకవైపు తెరమీద ఆ ఫోటో చూసుకుంది. ఆ ఇంటి కప్పుకు ఆకుపచ్చ రంగు వేసి ఉంది. కూర్చున్న పిల్ల ముఖమంతా పసరు పూసినట్టు వచ్చింది.

నారాయణి వరలక్ష్మమ్మ వైపు తిరిగింది. "అమ్మా, ఉతికిన తెల్లపంచ ఒకటుంటే ఇస్తారా?" అని అడిగింది. ఇద్దరు ఆడవాళ్ళను తన పక్కన నిలబెట్టి, పంచను గోడలాగా పట్టుకోమంది. ఫ్లాష్ తలను పంచవైపు తిప్పి నొక్కింది. ఈసారి వెలుగు పొద్దుటి ఎండలా మెత్తగా వచ్చి పిల్లమీద పడింది. మళ్ళీ ఎవరూ నవ్వలేదు. కొసకు వరలక్ష్మమ్మ కూడా వచ్చి మనవరాలి పక్కన కూర్చుంది.

ప్రింట్లు వచ్చినరోజు ఆ ముసలామె తన ఫోటోను కిటికీ దగ్గరికి తీసుకుపోయి చాలాసేపు చూసింది.

"డెబ్బై ఏండ్లకు నా మొగం నాకు చూపించినావు తల్లీ."

రెండు వారాలకు శ్రీనివాసులే ఇంటికొచ్చాడు. "ఆ తల తిరిగే ఫ్లాష్ యాడ కొన్నావమ్మా? ఎట్ల కొట్టల్లనో నాకూ చెప్పు," అన్నాడు. తనకు నెగటివులు దిద్దడం నేర్పినవాడు! నారాయణి ఆయనకు కుర్చీ వేసి, గోడకు తెల్లగుడ్డ కట్టి, మధ్యాహ్నందాకా చూపించింది.

ఆ మరుసటి వారమే రబ్బరు ముద్ర చేయించింది. అప్పటినుంచి ఆమె ఇచ్చిన ప్రతి ప్రింటు వెనకా నీలం సిరాతో పేరు ఉండేది: నారాయణి, పుత్తూరు.