నాయుడుగారి రక్తంలో పొటాషియం

1994. మద్రాసు పురసవాక్కంలో, బట్టల కొట్ల పైమేడ మీద మా ల్యాబ్. ఫ్లేమ్ ఫోటోమీటర్ నా చేతిలో ఉండేది. రక్తం నుంచి తీసిన సీరమ్‌ను పలచన చేసి మంటలోకి పిచికారీ చేస్తే సోడియం పసుపుగా, పొటాషియం ఊదాగా వెలుగుతాయి. ఆ వెలుగే మోతాదు చెబుతుంది. ఊళ్లో డాక్టర్లందరికీ నా మాటే వేదం. సరే, అందరికీ కాదు, ఆ వీధిలో ఇద్దరికి.

రాయపురం చేపల మండీ గుమాస్తా నాయుడుగారివి దెబ్బతిన్న మూత్రపిండాలు. పొటాషియం పెరిగితే గుండెకు ముప్పని పళ్లు, ఎలనీరు అనే కొబ్బరినీళ్లు మాన్పించారు. అయినా రెండోసారీ ఎక్కువే వచ్చింది. సాయంత్రానికి దిగకపోతే డయాలిసిస్‌కు చేర్చాల్సిందేనని డాక్టరు ఫోను చేశాడు.

"హార్బరు కాడ ఎలనీరు తాగినారా లేదా?" అంది ల్యాబ్‌కు వెంట వచ్చిన ఆయన భార్య.

"ఒట్టు సార్, ఒక్క చుక్క తాగలా!"

"పోయిన నెల ఈయన జేబులో అరటి తొక్క దొరికింది సార్."

నేను ఆమెనే నమ్మాను. నాయుడుగారి మొహంలో దొంగ కళ కూడా కనిపించింది.

ఆ తర్వాత నా రక్తాన్నే పరీక్షించి గుట్టు పట్టేశానని ఇన్నేళ్లూ చెప్పుకున్నాను. నిజానికి ఆలోచన మా ఇంఛార్జి సరోజగారిది. సూది చూసి నేను కళ్లు మూసుకున్నాను.

నాకూ ఎక్కువే వచ్చింది.

"మీకెవరు పోసినారు ఎలనీరు?" అన్నారామె.

అప్పుడు మా అనుమానం కొత్త స్టాండర్డ్ సీసా మీదికి మళ్లింది. స్టాండర్డ్ అంటే మోతాదు ముందే తెలిసిన ద్రావణం. మిషన్‌కు కొలత నేర్పేది అదే. దుకాణంవాడు పంపింది నీళ్ల పరీక్షలకు వాడేది. అందులో పొటాషియం తప్ప సోడియం లేదు.

పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను లాగేయడానికి కావలసినది అయొనైజేషన్ ఎనర్జీ. పీరియాడిక్ టేబుల్‌లో ఒకే నిలువు వరుసలో కిందికి దిగేకొద్దీ పరమాణువు పెద్దదవుతుంది, బయటి ఎలక్ట్రాన్ మీద పట్టు సడలుతుంది. సోడియం కింద ఉన్న పొటాషియం అందుకే మంటలో తేలిగ్గా ఎలక్ట్రాన్ పోగొట్టుకుంటుంది. పోగొట్టుకున్నది ఆ ఊదా వెలుగు ఇవ్వదు. రక్తంలో సోడియం దండిగా ఉంటుంది. అది కూడా మంటలోకి ఎలక్ట్రాన్లు వదులుతుంది కాబట్టి పొటాషియం తనవి నిలుపుకుని ఎక్కువ వెలుగుతుంది. సోడియం లేని స్టాండర్డ్ పక్కన ఎవరి రక్తమైనా దోషిగానే కనబడుతుంది.

స్టాండర్డ్‌లో కూడా రక్తంలో ఉండేంత సోడియం కలిపి మళ్లీ చూశాం. నాయుడుగారి లెక్క హద్దులోకి దిగింది. డాక్టరు డయాలిసిస్ వద్దన్నాడు.

"ఇప్పుడన్నా నమ్ముతావా?" అన్నారు నాయుడుగారు భార్యతో.

"మిషన్‌ను నమ్ముతా. మీరు ఆ జేబులు చూపించండి."

లెక్క తేడాగా వస్తే ముందు సీసాను, తర్వాత నన్ను, ఆఖరున మనిషిని అనుమానించడం అప్పుడే నేర్చుకున్నాను. నాయుడుగారి భార్య మాత్రం ఈ వరుస ఒప్పుకోలేదు.