ముప్పై ఒకటి, ఆరు అటూ ఇటూ

తీసా నది ఒడ్డున ఉన్న సెగెద్‌లో, విశ్వవిద్యాలయంలో గణితం చెప్పే వదాస్ పిరోష్కా గారు ముప్పై నాలుగేళ్లుగా ఒక్క ప్రశ్ననే పట్టుకుని ఉన్నారు: కంప్యూటరు ఇచ్చిన అంకెను ఎంతవరకు నమ్మవచ్చు? ఊళ్లో ఎవరికీ అది పెద్దగా పట్టేది కాదు. ఆవిడకూ ఆ దిగులు లేదు. మధ్యాహ్నం దాకా పాఠం చెప్పి, సాయంత్రం పెరట్లో మిరప నారు చూసుకునేవారు. నేను ఆవిడ శిష్యుణ్ని. చదువయ్యాక నదీ కార్యాలయంలో చేరి, తీసా నీరు ఎంత ఎత్తుకు లేస్తుందో లెక్కగట్టే ప్రోగ్రాము రాశాను.

ఆ వసంతంలో కొండల్లో మంచు ఒక్కసారిగా కరిగింది. వరద ఇంకా నాలుగు రోజుల దూరంలో ఉండగా, జాలరిపేట దగ్గర నీరు కట్ట దాటుతుందని నా ప్రోగ్రాము తేల్చింది. నూట నలభై ఇళ్లు ఖాళీ చేయించడానికి పైవాళ్లు సిద్ధమయ్యారు. కానీ పక్కపక్క చోట్ల నీటిమట్టాలు రంపపు పళ్లలా వచ్చాయి. నాకు అనుమానం పుట్టి, కాగితాలు పట్టుకుని ఆవిడ గదికి వెళ్లాను.

ఆవిడ పెన్సిలు మూడో పేజీలో ఆగింది.

“ఇక్కడేం చేశావు, బెనెదెక్?”

“వాలు కోసం ఒక మట్టంలోంచి పక్క మట్టాన్ని తీసివేశాను మేడమ్.”

“సముద్రమట్టం నుంచి రెండూ ఎనభై మీటర్ల పైమాటే, తేడా చూస్తే వెంట్రుకవాసి. లారీని బొత్తాంతో ఓసారి, బొత్తాం లేకుండా ఓసారి తూచి, బొత్తాం బరువు చెప్పేస్తావా? పనికొచ్చే అంకెలన్నీ కొట్టుకుపోయి చెత్త మిగులుతుంది.”

నేను కాగితాలు వెనక్కి తీసుకోబోయాను.

“సిగ్గుపడకు. ఇదే తప్పు చేసి నేనో వ్యాసం వెనక్కి తీసుకున్నాను. కుర్చీ లాక్కో.”

ఆ తేడానే నేరుగా లెక్కించేలా సూత్రాన్ని మార్చారు. నీరు కట్టకు ముప్పై ఒక్క సెంటీమీటర్ల కింద ఆగుతుందని వచ్చింది. ఆరు అటూ ఇటూ. ఆ ఆరు తేల్చడానికే ఇంకో రోజు పట్టింది. తప్పు నాదేనని పైవాళ్లకు నేనే చెప్పాను. వాళ్లు బస్సులు సిద్ధంగా ఉంచి, ఖాళీ చేయించడం ఆపారు.

ఆ మాట చెప్పడానికి ఇద్దరం జాలరిపేట వెళ్తే, కట్ట కాపలాదారు బోదోర్ మాత్రం నమ్మలేదు.

“నా పందుల్ని తోలుకుపొమ్మంటారా, వద్దా? ఆ అటూ ఇటూ ఏంటమ్మా, ఒక్క మాట చెప్పలేరా?”

“ఒక్క మాట చెప్తే అబద్ధమవుద్ది బోదోర్ గారూ. నేనూ మీ కట్ట మీదే ఉంటాను, సరేనా?”

“మిమ్మల్ని చూసి నీళ్లు జడుసుకుంటాయా?”

“నీళ్లకి కాదు, మీకు ధైర్యంగా ఉంటుందని.”

అన్నంత పనీ చేశారు. మడత కుర్చీ, ఉన్ని శాలువాతో వచ్చి కట్ట మీద కూర్చున్నారు. నాలుగో రోజు మధ్యాహ్నం నీరు నిలిచింది. కట్టకు ఎంత కింద ఉందో బోదోర్ కొలబద్ద దింపి రెండుసార్లు కొలిచాడు. ఇరవై ఏడు.

“ముప్పై ఒకటన్నారు. నాలుగు తప్పారు.”

“ఆరు దాకా తప్పొచ్చని చెప్పాగా.”

అతను కట్ట పక్కనే ఉన్న తన ఇంట్లోకి వెళ్లి ఎర్రగా మరిగిన చేపల పులుసు గిన్నె పట్టుకొచ్చాడు. ఆవిడ రొట్టె ముంచుకుని తింటూ, గంటగంటకూ మట్టం రాసుకున్నారు. తగ్గే నీరు కూడా లెక్కతో కలుస్తోందని నాకు చూపించి మురిసిపోయారు.

ఆ వారం తప్పిన పాఠాలను శనివారం చెప్పారు. నేనూ వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను.