గ్రావెల్ బండికి బొగ్గు చక్రాలు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టగానే మీరు కిరసనాయిలు దీపాల్నీ, అణా కాసుల్నీ ఊహించుకోకండి. నా ‘ఆ రోజులు’ అంత దూరానివి కావు. అప్పటికే అందరి చేతుల్లోనూ స్మార్టు ఫోన్లున్నాయి. నా తల మీద మాత్రం ఇంకా జుట్టుండేది. కాలాన్ని నేను దాంతోనే కొలుస్తాను. ముప్ఫై దాటి, పెళ్లి కాక, తెనాలిలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్సు పాఠాలు చెప్పుకుంటూ (పిల్లలు వింటున్నారని నమ్ముకుంటూ) బతుకుతున్న ఆ రోజుల్లో మనిషికి ఏది అవసరమో, ఏది కాదో తేల్చుకునే జ్ఞానం నాకు బొత్తిగా లేదు. ఉంటే పెళ్లికూతుర్ని వెతుక్కోవలసిన వయసులో చక్రాల్ని వెతుక్కునేవాణ్ణా? అయినా ఇవాళ వెనక్కి తిరిగి చూసుకుంటే, ఆ అజ్ఞానానికి రెండు చేతులూ జోడించి వందనాలు చెప్పాలనిపిస్తుంది.

నాకొక గ్రావెల్ బైకు ఉండేది. తెలియనివారి కోసం చెబుతున్నాను, అది సైకిలే. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, లావుపాటి టైర్లు, గులకరాళ్ల దారుల మీద పరిగెత్తడానికి తెల్లదొరలు కనిపెట్టిన సైకిలు. దొరలకు కొండలున్నాయి, రాళ్లున్నాయి. మా డెల్టాలో ఏముంది? కుక్కను అదిలించడానికి రాయి కావాలంటే పక్క జిల్లాకి కబురు పెట్టాలి. తవ్వితే నల్లమట్టి, ఇంకా తవ్వితే నీళ్లు, ఇంకా తవ్వితే పక్కింటివాడితో తగాదా. వానాకాలంలో కాలవ గట్టు మీద వెళ్తుంటే టైర్లకు పట్టిన జిగురుమట్టి చూసి, నేను సైకిలు తొక్కుతున్నానో పొలం దమ్ము చేస్తున్నానో రైతులకు అర్థమయ్యేది కాదు. పైగా మా వైపు గ్రావెల్ అంటే ఒక్కటే అర్థం: పల్లపు స్థలాల్ని మెరక చెయ్యడానికి టిప్పర్లలో తోలుకొచ్చే ఎర్రమట్టి. స్థలం కొన్నవాడు ముందు గ్రావెల్ తోలిస్తాడు, ఇల్లు సంగతి తరవాత. ఈ అర్థం నాకూ పుట్టినప్పటినుంచీ తెలుసు. కానీ సైకిలు పిచ్చి పట్టినవాడు మొదట మరిచిపోయేది మాతృభాషనే.

అలాంటి సైకిలుకి కార్బన్ చక్రాలు వెయ్యాలని నాకు బుద్ధి పుట్టింది. ఉన్న అల్యూమినియం చక్రాలకు ఏ లోటూ లేదు. వాటిమీద నాకున్న ఫిర్యాదల్లా అవి అప్పటికే నా దగ్గర ఉండటమే. ఇక మొదలైంది ఎంపిక. పెళ్లికూతుళ్ల ఫొటోల్ని అమ్మ నా ముందు పెడితే ఒక్క చూపుతో దాటేసేవాణ్ణి గానీ, చక్రాల ఫొటోల్ని మాత్రం అటు తిప్పీ ఇటు తిప్పీ, వాటి వంశవృక్షాలు కూడా చదివేవాణ్ణి. రిమ్ము లోతుగా, అంటే ఊచల మీదికి బెత్తెడు దిగి ఉన్నవి చూడ్డానికి మహారాజ చక్రాలు, కానీ పక్కగాలి కొడితే తెరచాపలై మనిషిని కాలవలోకి మోసుకుపోతాయట. లోతు తక్కువైనవి తేలిక, గాలికి తొణకవు, కానీ చూసినవాడు మామూలు సైకిలనుకునే ప్రమాదం ఉంది. సూర్యలంక వైపు సముద్రపు గాలి ఎలాంటిదంటే, ఒకసారి నా టోపీ ఎగిరిపోయి నాకంటే ముందు బాపట్ల చేరింది. అందుకని బుద్ధి లోతు తక్కువ వాటిని కోరేది, మనసు లోతువాటిని వరించేది.

“ఏంట్రా అవి, పొద్దస్తమానం?” అంది అమ్మ.

“కార్బన్ చక్రాలమ్మా.”

“కార్బనంటే?”

“కార్బనంటే... బొగ్గే. కాకపోతే దాన్ని దారాల్లా తీసి, అల్లి, జిగురు పోసి...”

“ఎమ్మెస్సీ చదివి బొగ్గు కొంటావా? మీ నాన్నే నయం. బస్తాడు తెచ్చాడంటే ఇంటిల్లిపాదికీ ఇస్త్రీ అయ్యేది.”

సరిగ్గా ఆ సమయంలోనే రేపల్లె నుంచి మా మేనమామ ఫోను చేశాడు. ఆయనకి అక్కడ ఎరువుల కొట్టు. ఆయన రేపల్లెలో హలో అంటే తెనాలిలో ఫోను లేకుండానే వినపడేది. అంత గొంతున్నవాడు, ఎదుటివాడి గొంతు వినడానికి మాత్రం ఎప్పుడూ బస్టాండునే ఎంచుకునేవాడు.

“ఒరేయ్ అల్లుడూ, ఏం చేస్తన్నావురా?”

“గ్రావెల్ బైకుకి కార్బన్ వీల్స్ చూస్తున్నా మామయ్యా!”

బస్సు హారను మోగింది. “ఏ బండికీ?”

“గ్రావెల్ బండికి! చక్రాలు మారుస్తున్నా!”

“ఓరి నీ ఇల్లు బంగారం గానూ! చెప్పవేంట్రా మరి ఇన్నాళ్లూ!” అని ఆనందం పట్టలేక ఫోను పెట్టేశాడు. ఈ వయసులో మామయ్యకి సైకిళ్ల మీద ఇంత ప్రేమ పుట్టిందేమిటా అని నేనూ పొంగిపోయాను.

మామయ్య పొంగింది సైకిలుకి కాదు. అప్పట్లో ఆయన నాకు బాపట్లలో ఒక సంబంధం చూస్తున్నాడు. అమ్మాయి తండ్రి రిటైరైన హెడ్మాస్టరు, మా లూథరన్ సంఘంలో పెద్ద. ప్రైవేటు లెక్చరరంటే ఆయనకి కొంచెం తటపటాయింపు. దానికితోడు ఊరి చివర ఆయన కొన్న ఇళ్ల స్థలంలో వానాకాలమంతా కొర్రమీనులు కాపురం చేసేవి. మామయ్య ఆ పూటే బాపట్ల వెళ్లి, “అబ్బాయికి ఉద్యోగమొకటే కాదు మాస్టారూ, గ్రావెల్ బండి కూడా ఉంది. కొత్త చక్రాలేయిస్తన్నాడు” అని చెప్పేశాడు. హెడ్మాస్టరుగారి తటపటాయింపు, కొర్రమీనులతో సహా, ఒక్కసారిగా తొలగిపోయింది. ఇదంతా నాకు తరవాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా పెళ్లిచూపులకి రమ్మన్నారని.

నేను ఎగిరి గంతేశాను. ఎందుకంటే ఆ అమ్మాయిని అంతకుముందొకసారి రేపల్లెలో ఒక పెళ్లి విందులో చూశాను. పళ్లేలు పట్టుకుని బిర్యానీ కోసం వరసలో నిలబడి ఉంటే, నేను పరధ్యానంగా ఏదో రిమ్ము గురించి ఆలోచిస్తూ కదలకుండా నిలబడ్డాను. వెనక నుంచి ఒక గొంతు, “జరగండి అన్నయ్యగారూ, ముక్కలైపోతాయి” అంది. తిరిగి చూశాను. చూసిన క్షణంలోనే ఆ ‘అన్నయ్యగారూ’ అన్న మాటని ఈ భూమ్మీద నుంచి చెరిపెయ్యాలని నిశ్చయించుకున్నాను. వచ్చిన ఫొటోలన్నీ అమ్మకి తిరిగి ఇచ్చేసిన నేను, ఈ ఒక్క సంబంధం కుదరకపోతే బతుకంతా అల్యూమినియమే అనుకున్నాను.

బాపట్లలో వాళ్లింట్లో వందనాలయ్యాక, టిఫిను ముందు హెడ్మాస్టరుగారు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ఆహారం కోసం, ఆరోగ్యం కోసం, సంఘం కోసం అడిగి, చివర్లో, “ప్రభువా, ఈ అబ్బాయి బండినీ, దానికి వేయించబోయే కొత్త చక్రాల్నీ నీ చేతుల్లో పెడుతున్నాం. దారిలో ఏ ఆటంకమూ రానియ్యకు తండ్రీ” అన్నారు. నాకు కళ్లు చెమర్చాయి. లోకంలో ఇంకే మామగారైనా కాబోయే అల్లుడి కార్బన్ చక్రాల కోసం ప్రార్థించాడా? నేనన్న ‘ఆమెన్’కి వీధిలో కుక్క ఉలిక్కిపడి లేచింది.

“బండి కొత్తదే కదా బాబూ?”

“రెండేళ్లవుతోందండి. ప్రాణంగా చూసుకుంటానండి.”

“లోడు ఎంతవరకు లాగుద్ది?”

“నేనూ, రెండు నీళ్ల సీసాలూ అండి.”

దీన్ని ఆయన వినయం కింద తీసుకున్నారు. “మన బాపట్ల వైపు ట్రిప్పులేస్తారా మరి?”

“ఆదివారాలు వస్తానండి, సూర్యలంక దాకా.”

“ఆదివారమా!” ఆయన ముఖం మాడింది.

“ఆరాధన అయ్యాకేనండి.”

“అదీ. మరి పర్మిషన్లవీ ఉన్నాయా? ఈమధ్య దారికాసి పట్టుకుంటన్నారంట.”

“అమ్మ ఒప్పుకుందండి.”

మామయ్య జంతిక నములుతూ, “మా అక్కయ్య ఒప్పుకుందంటే కలెక్టరు ఒప్పుకున్నట్టే మాస్టారూ” అని వత్తాసు పలికాడు.

“అయితే ఓసారి మా స్థలంలోకి కూడా దింపండి బాబూ. మోకాటి లోతు నీళ్లున్నాయి. మీ బండి దిగుద్దా?”

“నీళ్లుంటే భుజాన వేసుకుంటానండి.”

ఉప్మా వైపు వెళ్తున్న హెడ్మాస్టరుగారి చెయ్యి గాలిలో ఆగింది. “భుజానా?”

“తేలికేనండి. కార్బన్ చక్రాలు వేశాక చిటికెన వేలితో ఎత్తొచ్చు.”

ఆయన మామయ్యని చూశారు. మామయ్య జంతికని చూశాడు. “బాబూ, ఆ బండి మీరే తోలతారా, మనిషిని పెట్టారా?”

“తోలడమేంటండి, తొక్కుతాను.”

“తొక్కుతారా?”

లోపలి గదిలోంచి నవ్వు పగిలినట్టు వినపడింది. “నాన్నా, అది సైకిలు!”

ముందు తేరుకున్నది మామయ్య. “బండన్నావు గదరా వెధవా!”

“బండంటే సైకిలు కాదా మామయ్యా!”

హెడ్మాస్టరుగారి బాధ వేరు. “దేవుడి సన్నిధిలో ప్రార్థన కూడా చేశానే!” అన్నారు నీరసంగా.

“మీరు చక్రాలన్నారు గానీ టిప్పరనలేదు గదండీ. చెల్లుద్దిలెండి,” అన్నారు వాళ్లావిడ వంటింటి గుమ్మంలోంచి. (ఆవిడ దయాగుణానికి నా మొదటి వందనం అప్పుడే పెట్టుకున్నాను.)

కానీ హెడ్మాస్టరుగారు తువ్వాలుతో ముఖం తుడుచుకుని, “మేం ఆలోచించుకుని కబురు చేస్తాం బాబూ” అన్నారు. పెళ్లిచూపులకి వెళ్లిన ప్రతి మగవాడికీ ఆ వాక్యానికి అర్థం తెలుసు. ఆ కబురు ఏ కాలానా రాదు. నా గుండె కాలవ గట్టు మీద నుంచి జారినట్టు జారింది. చెప్పులు వేసుకోవడానికి లేచాను.

అప్పుడు ఆమె బయటికి వచ్చింది. నవ్వు ఆపుకున్న ఎరుపు ఇంకా చెంపల మీదే ఉంది. “ఫొటో ఉందాండి?” అంది.

నా ఫొటోనేమో అనుకుని సిగ్గుపడబోయాను. “సైకిలుదండి,” అంది. ఫోను ఇచ్చాను. రెండు వేళ్లతో పెద్దది చేసి, ముందు చక్రం, వెనక చక్రం, అన్నీ పరీక్షగా చూసింది.

“వెనక క్యారియర్ లేదేంటండి?”

“ఈ రకానికి ఉండదండి.”

“మరి నేనెక్కడ కూర్చోవాలి?”

హెడ్మాస్టరుగారు కూతుర్ని చూశారు. తల్లి వంటింట్లోకి తిరిగి ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. మామయ్య నోట్లో జంతిక కూడా శబ్దం మానేసింది. హెడ్మాస్టరుగారు చిన్నగా దగ్గి, “కూర్చోండి బాబూ, ఇంకోసారి ప్రార్థన చేసుకుందాం” అని కళ్లు మూసుకున్నారు. ఈసారి చక్రాల ప్రస్తావన రాలేదు.

మర్నాడే నేను చక్రాలవాడికి మెసేజి పెట్టాను. అంతవరకూ ఏవి ఎన్ని గ్రాములు తక్కువో అడిగినవాణ్ణి, ఈసారి “ఇద్దరు కూర్చుంటే ఆగుతాయా?” అని అడిగాను. చాలాసేపటికి జవాబు వచ్చింది: “సార్, ఇది సైకిలు సార్.” లోతు తక్కువవి, వెడల్పువి, కాస్త గట్టివి తీసుకున్నాను. మహారాజ చక్రాలతో గాలికి కొట్టుకుపోయి పెళ్లికి ముందే కాలవలో తేలితే, ఆమె మాటకి జవాబెవరు చెబుతారు? ఆ సైకిలుకి క్యారియర్ బిగించడానికి మాత్రం ఎంత ప్రయత్నించినా కుదరలేదు. పెళ్లయ్యాక మూడు నెలలు చూసి చూసి ఆమె తన జీతంతో ముందు బుట్ట, వెనక క్యారియర్ ఉన్న మామూలు సైకిలు కొనుక్కుంది.

ఇప్పుడు మా కాపురం బాపట్లలోనే. ఆదివారాలు ఆరాధన అయ్యాక ఇద్దరం సూర్యలంక వెళ్తుంటాం. ఆమె ముందు, నేను వెనక. నా మోకాళ్లకు వయసొచ్చింది, నడుముకి కొంచెం ఎక్కువే వచ్చింది. ఆమె చాలా దూరం వెళ్లి, ఒక చిన్న వంతెన దగ్గర సైకిలు దిగి, తీరిగ్గా నీళ్లు తాగుతుంది. అది దాహం కాదని నాకు తెలుసు. నేను ఆయాసపడుతూ చేరి, చైను ఏదో పాడైనట్టు వంగి చూస్తాను. చైనుకేమీ కాలేదని ఆమెకి తెలుసు. నేను ఊపిరి కూడదీసుకునేదాకా అటువైపు చూస్తూ నిలబడి, “ఇవాళ గాలి ఎక్కువగా ఉంది కదండీ?” అంటుంది.

రోడ్డు పక్కన సరుగుడు చెట్లలో ఒక్క కొస కూడా కదలదు. ముప్ఫై ఏళ్ల నేనైతే ఫిజిక్సు తీసి వాదించేవాణ్ణి.

“అవునవును, బాగా ఉంది,” అంటాను.