చూపు నిలవని బొంత

ఆసుపత్రిలో అందరూ ఆమెను సూదమ్మ అనేవారు. కొత్తగా చేరిన రోగులు ఆ పేరు వినగానే ఇంజెక్షన్లిచ్చే మనిషేమోనని చెయ్యి వెనక్కి లాక్కునేవారు. నిజానికి రోగులతో ఆమెకు పనే లేదు. లాండ్రీ పక్కనున్న కుట్టుగదిలో, కిటికీ కింద మిషను ముందు కూర్చుని చిరిగిన దుప్పట్లు బాగుచేయడం ఆమె ఉద్యోగం. మంచాల మీద పరిచే దుప్పటి ఎప్పుడూ నడిమధ్యే నలుగుతుంది, అక్కడే పలచబడి చిరుగుతుంది. సూదమ్మ దాన్ని నిలువునా రెండుగా చీల్చి, గట్టిగా ఉన్న అంచులు మధ్యకు వచ్చేలా కలిపి కుట్టేది. అవి కాక దిండు గలీబులకు తెల్ల మాసికలు, ఆపరేషన్ గౌన్లకు ఊడిపోయిన నాడాలు. చేరిన కొత్తలో పెద్ద నర్సు ఆమెకు ఒక్కటే మాట చెప్పింది: "అతుకు పెట్టినట్టు ఎవరికీ తెలియకూడదు." వయసులో ఉన్నప్పటి నుంచి జుట్టు నెరిసేదాకా ఆ మాట మీదే నడిచింది. తెలుపు మీద తెలుపు. ఎంత బాగా కుడితే అంత కనపడదు.

మనిషి మాత్రం కనపడకుండా ఉండే రకం కాదు, ఒకరితో మాట పడే రకం అంతకన్నా కాదు. క్యాంటీన్లో ఎవరైనా వరస తప్పి ముందుకు దూరితే చొక్కా పట్టుకుని వెనక్కి లాగేది. ఆమె భర్త లిఫ్టు మెకానిక్. "మా ఇంట్లో పైకి పోవాలన్నా కిందికి దిగాలన్నా బటన్ ఆవిడ చేతిలోనే" అని స్నేహితులతో అంటుండేవాడు, ఆమెకు వినపడనంత దూరంలో.

ఒకరోజు డ్యూటీ నుంచి వస్తుంటే సందు చివర జాకెట్లు కుట్టే దర్జీ గోనెసంచి నిండా కత్తిరింపు ముక్కలు బయట పడేస్తున్నాడు. సూదమ్మ ఆగిపోయింది.

"ఏం చేస్తావన్నా వాటిని?"

"చేసేదేముందమ్మా, చెత్తబండిలో వేస్తాను."

"నాకిచ్చెయ్."

ఇంటికి తెచ్చి నేల మీద గుమ్మరించింది. పువ్వులు, చారలు, గళ్ళు, చుక్కలు, చిలకలు, ఆకులు, జరీ తళుకులు. ఏళ్ళ తరబడి తెలుపే చూసిన కళ్ళకు, నకనకలాడే ఆకలి మీద భోజనం వడ్డించినట్టయింది. ఆ ముక్కల మధ్య కూర్చునే, బొంత కుట్టుకుంటున్నానని ఇంట్లో ప్రకటించింది.

కూతురు ఫోటో స్టూడియోలో పని చేస్తుంది. "కొంటే దొరకదామ్మా?" అంది.

"దొరుకుతుంది. నేను కుట్టుకుంటాను."

"ఎవరికి?"

"నాకే. ఎవరికో ఎందుకివ్వాలి?"

మిషను ముట్టుకోలేదు, అంతా చేత్తోనే కుట్టింది. రోజంతా మిషను తొక్కి వచ్చిన కాళ్ళు ఇంట్లో అయినా ఊరుకోవాలంది. పైపొరకు ముక్కలు కలిపింది, లోపల పాత దుప్పటి పెట్టింది, కింద అస్తరు వేసింది. ఏ ముక్కను చూసినా ముచ్చటే, ఏదీ వదల బుద్ధి కాలేదు. చిలకల పక్కన చారలు, చారల పక్కన ఇంకో రకం చారలు. దారం కూడా ఒక రంగుతో సరిపెట్టుకోలేక ఒక వరస ఎరుపు, ఒక వరస పసుపు, ఇంకో వరస ఆకుపచ్చ వేసింది. గది ఇరుకు. బొంతను ఎప్పుడూ ఒళ్ళో మడతపెట్టుకుని, కుడుతున్న మేర మాత్రమే విప్పుకునేది. అలా విప్పిన ప్రతి జానెడూ చూసి మురిసిపోయేది. మొత్తం ఒక్కసారి కూడా చూడలేదు.

వేసవంతా పోయి, వానలు కూడా తగ్గాక, ఒక సెలవురోజు పొద్దున చివరి ముడి వేసి దారం కొరికింది. మంచం ఖాళీ చేయించి బొంతను పరిచింది. రెండడుగులు వెనక్కి వేసి చూసింది.

సంతలో పది లౌడ్‌స్పీకర్లు ఒక్కసారే మోగినట్టుంది బొంత. చిలకలు కనపడలేదు, పువ్వులూ కనపడలేదు. విడివిడిగా అంత ముద్దొచ్చిన ముక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. కొంచెం సేపు అలాగే చూస్తే మంచమే కదిలినట్టయింది.

భర్త తొంగిచూసి, "బాగుంది, బాగుంది" అంటూ గోడ పట్టుకున్నాడు.

కూతురు చాలాసేపు చూసింది. ఫోటోలు చూసి చూసి దాని కంటికి ఏదీ దాగదు. "కుట్టు ఎంత బాగుందోనమ్మా. కానీ చూపు ఎక్కడ ఆగాలో తెలియట్లేదు" అంది మెల్లగా.

సూదమ్మ వెతుక్కుంటున్న మాటే కూతురి నోటి నుంచి వచ్చింది. బొంతను తిరగేసి అస్తరు వైపు పైకి పెట్టి, ఆ అంచు మీదే కూలబడింది.

సాయంత్రానికి ఆడపడుచు వచ్చింది. భర్తకు చెల్లెలు, రెండు వీధుల అవతల కర్టెన్ల షాపు నడుపుతుంది. ఏ గోడకు ఏ రంగు నప్పుతుందో ఆవిడ చెబితే జనం నోరెత్తకుండా కొనుక్కుపోతారు. బొంత మళ్ళీ తిరగేసి చూసి, చూపుడువేలు గడ్డం కింద పెట్టుకుంది.

"పర్లేదు వదినా, మొదటిసారి కదా. అందరికీ ఇలాగే వస్తుంది."

"పర్లేదేంటి? బాగాలేదు" అంది సూదమ్మ.

"అబ్బే, మరీ అలా అనకు. దూరం నుంచి చూస్తే ఒక రకం..."

"ఎంత దూరం నుంచి? బస్టాండు నుంచా? బాగాలేదని చూసుకోడానికి నాకు కళ్ళున్నాయి. నువ్వు నన్ను ఓదార్చక్కర్లేదు."

"పోనీ ఒక పని చేద్దాం. మా షాపుకు రంగులు వేసే పెద్దాయన ఉన్నాడు. ముదురు నీలంలో ముంచితే రంగులన్నీ అణిగిపోతాయి. ఎంత హుందాగా ఉంటుందో చూడు."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"వద్దంటే వద్దు. కాఫీ తాగు."

బొంతను మడతపెట్టి బీరువాలో అడుగున తోసేసింది. రోజులు గడిచాయి. దాని ఊసెత్తితే పుల్లవిరుపుగా మాట్లాడేది. అందరూ బాగా నొచ్చుకుందనుకున్నారు. నొచ్చుకున్న మాట నిజమే. అంత కష్టం చేతులారా పాడు చేసుకున్నానని బీరువా తెరిచినప్పుడల్లా మనసు చివుక్కుమనేది. అయితే ఆ బాధ తనది, తనే పడాలనుకుంది. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకు అర్థం కాలేదు.

ఒకరోజు ఆసుపత్రిలో కరెంటు పోయి లాండ్రీ ఆగిపోయింది, కుట్టుగదికి దుప్పట్లు రాలేదు. మధ్యాహ్నమే ఇంటికి వచ్చిన సూదమ్మ చీర మార్చుకుందామని బీరువా తెరిచింది. అడుగు అర ఖాళీగా ఉంది. కూతురికి ఫోన్ చేసింది.

"బొంతేదే?"

"అత్త ఇందాకే రంగుల పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళిందమ్మా. నేనే తీసిచ్చాను. నీకు చెప్పకుండా బాగుచేయించి చూపిద్దామని..."

సూదమ్మ ఫోన్ పెట్టేసింది. చెప్పులు ఏ కాలివి ఏ కాలికి వేసుకుందో కూడా చూసుకోలేదు.

రంగులు వేసే చోటు పాత గిడ్డంగుల వెనక ఉంది. రేకుల కప్పు కింద పెద్ద పెద్ద తొట్లు, వాటి మీద ఆవిరి, తీగల మీద నీళ్ళోడుతున్న బట్టలు. మోచేతుల దాకా నీలం పట్టిన పెద్దాయన ఒక తొట్టి దగ్గర నిలబడి ఉన్నాడు. పక్కనే ఆడపడుచు. వాళ్ళ చేతుల్లో బొంత. ఒక మూల అప్పటికే తొట్టిలోకి వేలాడుతోంది.

"ఆపండి!"

ఆ కేకకు పెద్దాయన చేతిలో కర్ర జారి తొట్టిలో పడింది. సూదమ్మ వెళ్ళి తొట్టికి అడ్డంగా నిలబడి బొంతను రెండు చేతులా లాగింది. మూల బయటికి వచ్చింది. ముదురు నీలం కారుతూ ఆమె చీర మీదంతా పడింది.

"షేడు పడుతుందో లేదో చూద్దామని మూల ముంచామమ్మా" అన్నాడు పెద్దాయన బిక్కచచ్చిపోయి. "మీ బొంతా? ఈవిడదనుకున్నాను."

"నాదే."

"అయితే ఒక్కసారి ఇటు చూడండి. ఎంత బాగా పట్టిందో."

సూదమ్మ చూసింది. పువ్వులూ చారలూ నీలం అడుగుకు దిగి, మబ్బు వెనక కొండల్లా ఒకటి వెనక ఒకటి నిలబడ్డాయి. ఆ కాస్త మేరా చూపు హాయిగా ఆగింది. బాగుంది. ఆడపడుచు చెప్పింది అక్షరాలా నిజం. సూదమ్మకు ఒళ్ళు భగ్గున మండింది.

"చూశావా వదినా?" అంది ఆడపడుచు ఆశగా. "మిగతాది కూడా ముంచేస్తే..."

"చూశాను. బాగుంది. ముంచొద్దు."

"బాగుందంటావు, ముంచొద్దంటావు! నీకేమైనా పిచ్చా?"

"ఉంటే ఉంది. ఏ ముక్కా కనపడకుండా కుట్టాలంటే నాకు రాదా? జీవితమంతా అదే కుట్టాను కదమ్మా! ఇది కనపడాలని కుట్టాను. కనపడింది. వికారంగా కనపడింది. అయితే ఏంటి?"

ఆడపడుచు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నీ మంచికే చేశాను."

"నా మంచికైతే నన్నడగాలి."

పెద్దాయన తలకాయ గీరుకున్నాడు, నుదుటికి కూడా నీలం అంటింది. "ఉప్పునీళ్ళలో జాడించి ఆరేయండమ్మా, మిగతా బొంతకు రంగు దిగదు" అన్నాడు. ఆయనే బకెట్లో ఉప్పు కలిపి జాడించి, పిండి చేతికిచ్చాడు.

తడిబొంత చూసి ఆటోవాళ్ళు ఎవరూ ఎక్కించుకోలేదు. సూదమ్మ దాన్ని భుజాన వేసుకుని నడక మొదలుపెట్టింది. బరువుకు భుజం లాగేస్తోంది. దారి పొడుగునా జనం తిరిగి చూశారు. స్కూలు వదిలిన పిల్లలు వెంటపడి, "ఆంటీ, సర్కస్ ఎక్కడ?" అని అరిచారు. "మా ఇంట్లో. రండి!" అని తనూ అంతకన్నా గట్టిగా అరిచింది. మెట్లెక్కి, ఇంట్లో ఇంకెక్కడో ఆరేయకుండా, వీధి వైపు బాల్కనీ కమ్మీ మీద బొంతను పూర్తిగా విప్పి ఆరేసింది.

కూతురు స్టూడియో నుంచి పరుగున వచ్చింది. కింద వీధిలోంచే బొంత కనపడి ఉంటుంది, గుమ్మంలో ఏడుపు ముఖంతో నిలబడింది.

"బాగాలేదని నువ్వే అన్నావు కదమ్మా."

"అన్నాను. ఇప్పుడూ అంటాను. నా బొంతను నేను ఎన్నైనా అంటాను. నువ్వు కూడా అను, పడతాను. బీరువాలోంచి తీసి ఇచ్చావు చూడు, అది పడను."

"తప్పయింది."

"అయింది. అన్నం తిన్నావా?"

తినలేదంది కూతురు. ఇద్దరూ బాల్కనీలోనే, బొంత కింద కారుతున్న నీటిమడుగు పక్కన కంచాలు పెట్టుకుని తిన్నారు. మధ్యలో కూతురు ఆగి, "ఆ మూల మాత్రం..." అని నాలుక కరుచుకుంది.

"బాగుంది. నాకూ తెలుసు. పెరుగు వేసుకో."

ఆరాక బొంత బీరువాలోకి పోలేదు, మంచమెక్కింది. నీలం మూలను కత్తిరించి ఇంకో ముక్క వేస్తానంది కూతురు. సూదమ్మ ఒప్పుకోలేదు. జరిగింది జరిగింది, అదీ ఉండనీ అంది. భర్త కొన్నాళ్ళు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. లైటు తీశాక అన్ని బొంతలూ ఒకటేనని తర్వాత కనుక్కున్నాడు. ఇంటికి వచ్చినవాళ్ళెవరైనా మొహమాటానికి "అబ్బ, ఎంత బాగుందో" అంటే సూదమ్మ ఊరుకునేది కాదు. "బాగాలేదండీ. రకాలు ఎక్కువైపోయాయి. కూర్చోండి" అని అదే మంచం చూపించేది.

ఆడపడుచు చాలాకాలం మూతి ముడుచుకుని, వచ్చినా కుర్చీలోనే కూర్చుంది. ఒకరోజు షాపు నుంచి తలనొప్పితో వచ్చి, వేరే దారిలేక ఆ మంచం మీదే పడుకుంది. సూదమ్మ బొంత మెడదాకా కప్పి తలుపు దగ్గరగా వేసింది. లేచి వచ్చాక ఆవిడ జుట్టు సర్దుకుంటూ, "వెచ్చగా ఉంది వదినా. కళ్ళు మూసుకుంటే ఏ లోపం లేదు" అంది. సూదమ్మ ముందు గుర్రుగా చూసి, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది.

అప్పటికే రెండో బొంత మొదలైంది. ఈసారి ముక్కలు పెద్దవి, రకాలు తక్కువ. ఒక వరస పూర్తి కాగానే మంచం మీద పరిచి, దూరం నుంచి చూసుకుని, నచ్చకపోతే అక్కడికక్కడే విప్పేస్తోంది. మామిడిపండు పసుపుకు గట్టి గులాబీ రంగు జత చేసింది. చూసి ఆడపడుచు ఉండబట్టలేకపోయింది.

"ఆ రెండూ పక్కపక్కన పెట్టకు వదినా, కొట్టుకుంటాయి."

"కొట్టుకోనీ."

"పోనీ అయ్యాక నాకు కూడా ఒకటి కుట్టిపెడతావా? లేత రంగుల్లో?"

"కుట్టను" అంది సూదమ్మ. సూది, దారం తీసి ఆవిడ చేతిలో పెట్టింది. "కావాలంటే నేర్పిస్తాను. నీ రంగులు నువ్వు కుట్టుకో."

ఇప్పుడు సెలవురోజుల్లో ఇద్దరూ ఒకే చాప మీద, ఒకే గోనెసంచి ముందు కూర్చుంటున్నారు. కర్టెన్ల షాపావిడ వేలికి సూది గుచ్చుకున్నప్పుడల్లా కెవ్వుమంటోంది. ఆవిడ పక్కన పారేసిన ముక్కలన్నీ సూదమ్మ తన వైపు లాక్కుంటోంది.