పన్నెండు రేకు చెవులు

ఆయన్ని ఆ వీధిలో అందరూ ‘మెల్లగా మేస్త్రి’ అంటారు. ఎవరు ఏ బొమ్మ తెచ్చి బల్ల మీద పెట్టినా ఆయన నోట మొదట వచ్చే మాట అదే. బొమ్మను పగలగొట్టుకున్న పిల్లలకీ మెల్లగా, దాని మీద కూర్చున్న తండ్రికీ మెల్లగా, ఇంకా ఎంతసేపని గుమ్మంలో కాళ్లు మార్చుకునే తల్లికైతే మరీ మెల్లగా. ముప్పై ఎనిమిదేళ్లుగా బ్యాటరీ బొమ్మలు బాగుచెయ్యడం తప్ప ఆ మనిషి వేరే పని ముట్టుకోలేదు. ముట్టుకోమని చెప్పినవాళ్లు లేకపోలేదు, ఈయన విన్న పాపాన పోలేదు.

కొట్లో రెండు బల్లలు. గోడవైపుది ఆయనది, కిటికీవైపుది కూతురిది. ఇరవై ఆరేళ్ల ఆ పిల్ల సోల్డరింగ్ చేస్తుంది, జుట్టుకన్నా సన్నటి తీగను మోటార్లకు చుడుతుంది, వచ్చిన వాళ్లతో తండ్రికన్నా బాగా మాట్లాడుతుంది. పాత రేకు బొమ్మల్ని విప్పే పని మాత్రం తండ్రి ఆమెకు ఇంతవరకూ ఇవ్వలేదు.

ఎందుకివ్వలేదో తెలియాలంటే రేకు బొమ్మ సంగతి కాస్త తెలియాలి. దానికి స్క్రూలుండవు. పైరేకు అంచున చిన్నచిన్న ముక్కలు పొడుచుకొచ్చి ఉంటాయి, వాటిని కిందిరేకు చీలికల్లో దూర్చి మడిచేస్తారు. వాటిని ఈ కొట్లో చెవులంటారు. తయారుచేసినప్పుడు ఒకసారి వంగుతుంది చెవి. విప్పితే రెండోసారి, మూస్తే మూడోసారి. ఆ పైన దాని ఆయుష్షు ఎవరూ చెప్పలేరు. విరగబోయే ముందు రేకు ఒక్క క్షణం మెత్తబడుతుంది. ఆ మెత్తదనం కంటికి కనపడేది కాదు. బొటనవేలికి తెలియాలి, అంతే. ఏ చెవి ఎంత మొండికేసిందో విప్పిన చేతికే గుర్తుంటుంది కాబట్టి విప్పిన చెయ్యే మూయాలని కొట్లో ఒక కట్టుబాటు కూడా పెట్టాడాయన.

ఆ బొటనవేలే ఐదు నెలలుగా మొద్దుబారిపోయింది. మణికట్టు దగ్గర నరం నలిగిపోయిందనీ, సున్నితమైన పనులు ఇక మానుకోమనీ డాక్టరు చీటీ రాసిచ్చాడు. మేస్త్రి ఆ చీటీని సొరుగులో గరుకు కాగితాల కింద దాచాడు. కూతురు అడిగితే చత్వారం అని చెప్పి సన్న పనులన్నీ ఒక్కొక్కటే ఆమె బల్లకు జరిపాడు. రేకు బొమ్మ రాకుండా ఉంటే చాలని లోలోపల మొక్కుకున్నాడు.

వచ్చింది. అదీ అలాంటిలాంటిది కాదు.

నాలుగిళ్ల అవతల ఫోటో స్టూడియో పెద్దాయన పొద్దున్నే అట్టపెట్టె ఒకటి గుండెకు హత్తుకుని వచ్చాడు. లోపల ఎర్రటి రేకు కారు, దాని వెనక చిన్న తోపుడు బండి, ఆ బండి మీద నీలం తెలుపు చారల పడవ. కారుకో మోటారు, పడవకో మోటారు. ఫోటోకు కూర్చోమంటే రాగం తీసే పిల్లల చేతుల్లో నలభై ఏళ్లుగా పెడుతున్నది ఈ సెట్టే. ఆ చుట్టుపక్కల ఎవరింట్లో చిన్నప్పటి ఫోటో చూసినా ఇందులో ఏదో ఒకటి ఒళ్లో ఉంటుంది. మేస్త్రి కూతురు మూడేళ్లప్పుడు పడవను పట్టుకుని వదలనంటే వదలనని కూర్చుంది. ఆమె నిద్రపోయాక వేలు వేలూ విడదీసి తెచ్చుకోవాల్సొచ్చింది స్టూడియో ఆయన.

“స్టూడియో మూసేస్తున్నాను మేస్త్రీ,” అన్నాడాయన. “బొమ్మల మ్యూజియం వాళ్లు దీన్ని తీసుకుంటామన్నారు. ఇలాంటివి పెట్టెతో సహా మిగిలినవి రెండో మూడోనట. నాలుగింటికి వాళ్ల మనిషి నేరుగా ఇక్కడికే వస్తాడు. రెండూ నడవాలి. చెవులన్నీ ఉండాలి, ముందు అవే చూస్తాడట. వాళ్లు వద్దంటే ఇది మా ఇంటికెళ్లాలి. నలుగురు మనవలు. వారం తిరిగేసరికి రేకుకు రేకు మిగలదు.”

“అలాగే చూద్దాం లెండి.”

“చూద్దాం కాదు. నీ చెయ్యే పడాలి. ఇంకెవరి చేతికీ ఇవ్వకు.” అంటూ ఆయన కిటికీవైపు ఒక చూపు విసిరాడు. కూతురు తల వంచుకుని తీగ చుట్టుకుంటోంది.

నా వల్ల కాదని అప్పుడే అనేయాల్సింది. ముప్పై ఎనిమిదేళ్ల పేరు అడ్డం పడింది. “నా చెయ్యేనండి,” అన్నాడు మేస్త్రి.

కారుకు ఎనిమిది చెవులు, పడవకు నాలుగు. కారును మెత్తటి గుడ్డ మీద బోర్లా పెట్టి నోస్ ప్లయర్ అందుకున్నాడు. వేలికి తెలియనిది కంటితో కనిపెట్టాలని భూతద్దం తగిలించుకుని ముక్కు రేకుకు ఆనేంత వంగాడు. ఒకటి లేచింది. రెండు. మూడో చెవి దగ్గర చెమట కంట్లోకి దిగింది. ఆరో చెవి కూడా లేచేసరికి, ఈ గండం గట్టెక్కేలా ఉందని ఆశ పుట్టింది.

ఏడోది టిక్కుమంది.

బియ్యపు గింజలో సగమంత ముక్క ప్లయర్ మూతికి అలాగే ఉండిపోయింది. తన వేళ్ల మధ్య రేకు విరిగినట్టు మేస్త్రికి తెలియలేదు, చప్పుడును బట్టి తెలుసుకోవాల్సొచ్చింది. విరిగినదానికన్నా అదే ఎక్కువ భయపెట్టింది ఆయన్ని.

కూతురు లేచి వచ్చి చూసింది.

“పాత రేకు,” అన్నాడు తండ్రి, ఆమె ముఖం చూడకుండా.

ఆమె సన్నటి పట్టకారుతో ముక్కను తీసి ఒక సీసా మూతలో పెట్టింది. ఎనిమిదోది ఎలాగో లేచింది. ఏనాడో మర్చిపోయిన బ్యాటరీలు కారి లోపలంతా పచ్చటి చిలుము పట్టి ఉంటే ఇద్దరూ కలిసి గీకి తుడిచారు. కొత్త సెల్లు తగిలిస్తే మోటారు గుర్రుమని తిరిగింది. ఇద్దరిలో ఎవరూ సంతోషించలేదు. పడవ అలాగే ఉంది, మేస్త్రి చెయ్యి దాని మీదకు వెళ్లనంటోంది.

మూడింటికి వస్తానన్న స్టూడియో పెద్దాయన మనసాగక రెండింటికే దిగబడ్డాడు. మొదట ఆయన కళ్లు పడింది సీసా మూత మీదే.

“ఇదేంటి?”

కూతురు తడుముకోకుండా ముందుకొచ్చింది.

“నా వల్లే మామయ్యగారూ. నాన్న అలా బయటికెళ్లినప్పుడు నేనే చెయ్యి పెట్టాను.”

“అనుకున్నా! పొద్దున చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా?” అన్నాడు పెద్దాయన. “ఆ మ్యూజియం వాళ్ల దగ్గర బాగుచెయ్యాల్సినవి గదినిండా ఉన్నాయట, మీ కొట్టు పేరు నేనే చెప్పాను. వాళ్ల మనిషి రానీ, ఈ అమ్మాయి చేతికి మాత్రం ఒక్కటీ ఇవ్వొద్దని కూడా నేనే చెప్తాను.”

కూతురు తల దించుకుని నిలబడింది. మేస్త్రి నోరు విప్పలేదు. ఉన్న మాట చెప్పుకోవాలి, ఆ కాసేపు ఆయనకు హాయిగా ఉంది. పేరు నిలిచింది, వేలి సంగతి బయటపడలేదు. ఊపిరి తీసుకున్నాడు కూడా. అప్పుడు కూతురి చేతులు కనిపించాయి. పమిటచెంగు వెనక ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. రేపటి నుంచి ఆ చేతుల్ని ఎవరూ నమ్మరు.

బల్ల మీది సూది తీసుకున్నాడు. అందరూ చూస్తుండగా తన బొటనవేలి కొనలో గుచ్చుకున్నాడు. ఎర్రటి చుక్క పైకొచ్చింది. ఆయన కనురెప్ప కదలలేదు.

“నాకు తెలియదండి,” అన్నాడు. “గుచ్చుకున్నా తెలియదు, కాలినా తెలియదు. ఐదు నెలలైంది. చెవి విరిచింది నేనే. మా పిల్ల దాన్ని ముట్టుకోలేదు. నోరు మూసుకుని పిల్లను మీతో తిట్టించాను చూడండి, అదీ నేను చేసిన పనే.”

కూతురు గుడ్డ పేలిక తెచ్చి తండ్రి వేలికి చుట్టింది.

“నాకు తెలుసు నాన్నా. పోయిన నెల టీ గ్లాసు పట్టుకుని బొబ్బెక్కింది కదా. నువ్వు దాన్ని చూసి ఎక్కడిదీ అని నన్నే అడిగావు.”

“మరి అడగలేదేం?”

“నువ్వే చెప్తావని చూస్తున్నా.”

పెద్దాయన కుర్చీలో కూలబడ్డాడు. కోపం పోయింది, కంగారు మిగిలింది. “మరి పడవ ఎవరు విప్పుతారు?”

మేస్త్రి తన కుర్చీలోంచి లేచి దాన్ని కూతురివైపు తిప్పాడు. “కూర్చోమ్మా.”

ఆమె కూర్చుంది. ఒకప్పుడు నిద్రలో తన వేళ్లలోంచి లాక్కున్న పడవను గుడ్డ మీద బోర్లించింది. పెద్దాయన చూడలేక గోడవైపు తిరిగాడు. ఒక చెవి లేచింది. రెండోదీ లేచింది. మూడోది కొంచెం కదిలాక ఆమె చటుక్కున ఆగిపోయింది.

“ఇది మెత్తబడింది నాన్నా.”

తండ్రి భూతద్దంలోంచి చూశాడు. ఆయనకేమీ కనిపించలేదు. కనిపించదని ఆయనకు తెలుసు.

“దీన్ని వదిలేస్తాను,” అందామె. “అవతలిది విప్పితే రేకు కొంచెం లేస్తుంది. ఆ సందులోంచి మోటారు అందుతుంది.”

అందింది. మూడుంపావుకల్లా చిలుము వదిలింది, ఆమె చేతిలోనే చెవులు మూసుకున్నాయి. బకెట్లో వదిలితే పడవ బుడబుడమంటూ గుండ్రంగా తిరిగింది. స్టూడియో పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, కళ్లు కూడా తుడుచుకున్నాడు. “మాట తూలానమ్మా,” అన్నాడు.

కారు ఇంకా విప్పే ఉంది. మేస్త్రి దాన్ని కూతురి ముందుకు జరిపాడు.

“విప్పింది నువ్వు కదా నాన్నా. విప్పిన చెయ్యే మూయాలి.”

“ఆ మాట అన్నది నేనే కదా, తీసేస్తున్నాను. ముయ్యి. విరిగిన ముక్కను అంటించకు, మూతలో ఉన్నదున్నట్టే చూపిద్దాం.”

మ్యూజియం ఆయన ఆ సెట్టును విరిగిన ముక్కతో సహా తీసుకున్నాడు, విప్పకుండా వదిలిన ఆ ఒక్క చెవిని చాలాసేపు చూశాడు కూడా. అదంతా తర్వాత. సరిగ్గా నాలుగింటికి ఆయన తలుపు ధడాలున తోసుకుని వచ్చేసరికి కారుకు ఆఖరి చెవి ఆమె వేలి కింద సగం వంగి ఉంది. కూతురికి ఆ మధ్యాహ్నమంతా ఒక్కసారి కూడా మెల్లగా అని చెప్పని తండ్రి, గుమ్మానికి అడ్డంగా చెయ్యి చాపాడు.

“మెల్లగా బాబూ,” అన్నాడు. “మా మేస్త్రి పనిలో ఉంది.”