ఫౌంటెన్‌ను జరిపించిన ఉసిరి చెట్టు

ఢిల్లీ పక్కనే ఉన్న వైశాలిలో కోదండరామయ్య ఫ్లాటు ఎదురుగా ఉన్న ఖాళీ జాగాలో పార్కు కడతామని 2001లో శంకుస్థాపన చేశారు. కొబ్బరికాయ కొట్టిన పెద్దమనిషి ఆ తర్వాత రెండు పార్టీలు మారాడు గానీ, ఆ రాయి మాత్రం ఉన్నచోటి నుంచి కదల్లేదు.

పార్కు మీద కోదండరామయ్యకు అంత ఆశ పుట్టింది భార్య హైమవతి వల్ల. కార్తీకమాసంలో వనభోజనం ఉసిరి చెట్టు కిందే చేయాలి. ఢిల్లీ వచ్చినప్పటి నుంచీ ఆవిడ మేడ మీద బకెట్లో ఉసిరి కొమ్మ గుచ్చి, దాని చుట్టూ అందరినీ కూర్చోబెట్టి పులిహోర వడ్డించేది.

"బకెట్ పక్కన కూర్చుంటే వనభోజనంలా ఉంటుందా అండీ? స్నానానికి వరసలో కూర్చున్నట్టుంది" అని ఏటా అనేది.

అందుకే శంకుస్థాపన నాడే ఆయన జాగా నడిమధ్యన ఒక ఉసిరి మొక్క నాటాడు. వచ్చే నెలలో పార్కు తయారవుతుందని నమ్మాడు. ముప్పయ్యేళ్లు సర్కారు కొలువు చేసి కూడా అలా నమ్మడం ఆయనకే చెల్లింది.

పార్కు రాలేదు, గేదెలు వచ్చాయి. ఆయన మొక్క చుట్టూ ముళ్లకంప కట్టాడు. ఎండాకాలంలో తన స్నానం నీళ్లు దానికి పోశాడు. సోమవారం వచ్చిందంటే గొడుగు పట్టుకుని పార్కుల ఆఫీసుకు బయలుదేరేవాడు. ఆ నల్ల గొడుగు గేటు దగ్గర కనబడగానే ఇంజనీరు త్యాగి వెనక తలుపు గుండా మాయమయ్యేవాడట. ఒకసారి ఆ తలుపుకు తాళం ఉంటే బీరువాలో దూరాడనీ, కోదండరామయ్య ఆ బీరువాకే నమస్కారం పెట్టి "త్యాగీజీ, మళ్లీ సోమవారం వస్తా" అన్నాడనీ కాలనీలో చెప్పుకుంటారు.

చెట్టు మొదటిసారి కాయలు పట్టిన ఏడాది, ఒక పొద్దున త్యాగి కూలీలతో దిగాడు. ముగ్గుపిండితో గీతలు గీయించి, సరిగ్గా ఉసిరి చెట్టు చుట్టూ ఒక పెద్ద సున్నా చుట్టించాడు.

"ఇక్కడ ఫౌంటెన్ వస్తుంది అంకుల్‌జీ. చెట్టు రేపు కొట్టేస్తాం."

హైమవతి గబగబా కిందికి దిగివచ్చింది. "వెంటపడి వెంటపడి చివరికి మన చెట్టు మీదికే గొడ్డలి తెచ్చారు కదండీ!"

పార్కు ఇంకో పదేళ్లు ఆలస్యమైతే బాగుండునని కోదండరామయ్యకు మొదటిసారి అనిపించింది. ఇంట్లోకి వెళ్లి, ఒక చేత్తో త్యాగికి కాఫీ గ్లాసు, ఇంకో చేత్తో గొడుగు పట్టుకొచ్చాడు.

"త్యాగీజీ, చెట్టు కొట్టడానికి అటవీ శాఖ పర్మిషన్ వచ్చిందా?"

"అచ్ఛా, అదొకటి ఉందా? అప్లై చేస్తాం."

"ఆ ఫైలు మీ టేబుల్ మీది నుంచే కదలాలి కదా. మీకెందుకు శ్రమ, నేనున్నానుగా! ఇక సోమవారాలు ఏం సరిపోతాయి? రోజూ పొద్దున్నే వచ్చి మీ ఎదురుగా కూర్చుంటాను."

త్యాగి చేతిలో కాఫీ పెదాల దాకా వెళ్లి ఆగిపోయింది. గొడుగు వంక చూశాడు.

"అంకుల్‌జీ, ఫౌంటెన్‌ను ఆ మూలకు జరిపితే?"

"ప్లాన్ మారిస్తే ఆలస్యమవుతుందేమో బాబూ!"

"అరే, ఏం ఆలస్యం! అయిపోయిందనుకోండి" అంటూ త్యాగి స్వయంగా తన బూటుతో ఆ సున్నాను చెరిపేశాడు.

ఆ కార్తీకంలో తెలుగువాళ్లందరూ ఉసిరి చెట్టు కింద బంతులు తీరి కూర్చున్నారు. త్యాగిని కూడా పిలిచారు. హైమవతి ఆయనకు రెండోసారి పులిహోర వడ్డిస్తుంటే కోదండరామయ్య పక్కకు వచ్చి కూర్చున్నాడు.

"అన్నట్టు త్యాగీజీ, ఫౌంటెన్‌లో నీళ్లెప్పుడు?"

త్యాగి నోట్లో ముద్ద పెట్టుకుని, దగ్గర్లో బీరువా ఏదైనా ఉందేమోనని నాలుగువైపులా చూశాడు.